74 ఏళ్ళ అమ్మకు బ్యాలెన్స్ వ్యాయామాలు: వంటగట్టు పక్కన మొదలుపెట్టండి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 74 ఏళ్ళు. ఆరు నెలల్లో రెండుసార్లు పడ్డారు. ఎముకలేవీ విరగలేదు గానీ, అప్పటి నుంచి గోడ పట్టుకునే నడుస్తున్నారు, బయటికి నడకకు వెళ్ళడం మానేశారు. బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించమని ఎవరో చెప్పారు, చేయించబోతే అందులోనే మళ్ళీ పడతారేమోనని మీ భయం. రోజూ కాసేపు నడిపిస్తే సరిపోదా అని కూడా అడిగారు.

చేయించవచ్చు. చేయించాలి కూడా. 74 ఏమీ మించిపోయిన వయసు కాదు. నడక ఒక్కటే మాత్రం సరిపోదు, ఎందుకో కిందన చెబుతాను. నేను 22 ఏళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం పెద్దవాళ్ళతోనే గడిచింది. 85 దాటిన వాళ్ళు కూడా గోడ వదిలి నడవడం కళ్ళారా చూశాను. మెరుగుపడని వాళ్ళనూ చూశాను. వాళ్ళలో చాలామందికి అడ్డు పడింది వయసు కాదు. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ 'నువ్వు లేవకు, నేను తెస్తాను' అంటూ కుర్చీకి అతికించేశారు. అందుకే ఈ జవాబు అమ్మగారి కోసం ఎంతో మీ కోసమూ అంతే.

వ్యాయామం కంటే ముందు ఒక పని ఉంది. ఏడాదిలో రెండుసార్లు పడ్డారంటే దాన్ని వయసు మీదకి తోసేయకూడదు, డాక్టరు ఒకసారి చూడాలి. వెళ్ళేముందు అమ్మగారిని కూర్చోబెట్టి ఆ రెండు సందర్భాల గురించి నెమ్మదిగా అడగండి. 'ఎలా పడ్డావు' అంటే అందరూ 'ఏమో, కాలు జారింది' అంటారు. 'పడే ముందు నిమిషంలో ఏం చేస్తున్నావు' అని అడగండి, అసలు సంగతి అప్పుడు బయటికొస్తుంది. మంచం మీద నుంచి లేచి రెండడుగులు వేయగానే పడ్డారా? తల పైకెత్తి పై అరలోది తీస్తుంటే పడ్డారా? ఎవరో పిలిస్తే గిరుక్కున వెనక్కి తిరిగినప్పుడా? పడిన క్షణం గుర్తుందా, లేక కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నారా? ఒక్కో జవాబు ఒక్కో దారి చూపిస్తుంది.

లేవగానే పడితే బీపీ సంగతి చూడాలి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మరోసారి బీపీ కొలవమని అడగండి. నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువగా గానీ పడిపోతే అది పట్టించుకోవాల్సిన విషయం. పక్క మీద ఒక వైపు తిరిగినప్పుడో, తల ఎత్తినప్పుడో గది మొత్తం గిర్రున తిరిగినట్టయి నిమిషం లోపే తగ్గిపోతుంటే అది లోపలి చెవికి సంబంధించినది కావచ్చు. అందులో బాగా కనిపించే రకం తలను కొన్ని భంగిమల్లో తిప్పే చికిత్సతోనే తగ్గుతుంది. దానికి నెలల తరబడి కళ్ళు తిరగడం మాత్రలు మింగుతూ కూర్చున్నవాళ్ళను చూస్తే నాకు చాలా బాధ. పడిన క్షణం గుర్తే లేకపోతే స్పృహ తప్పి పడి ఉండవచ్చు, గుండెను పరీక్షించాలి, ఆలస్యం చేయకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు పడి తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

వాడుతున్న మందులన్నీ, నిద్రమాత్రతో సహా, ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. నిద్రమాత్రలు, ఆందోళనకు వాడేవి, కొన్ని బీపీ మందులు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేవి – ఇవన్నీ తూలు తెప్పించగలవు. మీ అంతట మీరు ఏదీ ఆపేయకండి, 'వీటిలో తగ్గించదగ్గవి ఉన్నాయా' అని మాత్రం తప్పకుండా అడగండి. కళ్ళు, చెవులు, పాదాలు కూడా చూపించండి. ముఖ్యంగా షుగర్ ఉంటే పాదాల స్పర్శ.

ఇక నడక సంగతి. మనిషి నిటారుగా నిలబడటం వెనక మూడు చోట్ల నుంచి వచ్చే సమాచారం ఉంటుంది. కళ్ళు చుట్టూ ఏముందో చెబుతాయి. లోపలి చెవి తల ఎటు వంగిందో చెబుతుంది. అరికాళ్ళు, చీలమండలు నేల ఎలా ఉందో, బరువు ఏ పక్కకి పోతోందో చెబుతాయి. మెదడు ఈ మూడింటినీ కలిపి, ఏ కండరం ఎంత బిగించాలో క్షణంలో ఆజ్ఞ వేస్తుంది. వయసుతో ఈ మూడూ కొంచెం మందగిస్తాయి. వాటితో పాటు కండ, అందులోనూ చురుగ్గా బిగుసుకునే కండ, తగ్గుతుంది. కాలు తట్టుకున్నప్పుడు చటుక్కున అడుగు ముందుకేసి నిలదొక్కుకోవడానికి కావలసింది ఆ చురుకైన కండే.

చిన్న తూలు వస్తే చీలమండలే సర్దుకుంటాయి. ఇంకాస్త పెద్దదైతే నడుము వంచి సర్దుకుంటాం. అదీ చాలకపోతే అడుగు వేస్తాం. పెద్దవాళ్ళలో దెబ్బతినేది ఎక్కువగా ఈ మూడోదే. అడుగు వేయాలన్న ఆలోచన వస్తుంది, కాలు కదలడం ఒక్క లిప్త ఆలస్యమవుతుంది. చదునైన దారిలో తిన్నగా, ఒకే వేగంతో నడిస్తే వీటిలో ఏదీ పెద్దగా పరీక్షకు రాదు. నడక గుండెకు మంచిది, మనసుకు మంచిది, మానమని అనను. కానీ పడకుండా ఉండటం అనేది విడిగా నేర్చుకోవాల్సిన విద్య. కొంచెం తూలి, ఆ తూలును సర్దుకుంటేనే అది వస్తుంది. తూలే అవకాశమే లేని వ్యాయామం బ్యాలెన్స్ వ్యాయామం కాదు.

మీ భయం సరిగ్గా ఇక్కడే ఉంది కదా? తూలాలి, పడకూడదు. ఈ రెంటినీ కలిపేది వంటగట్టు. కదలదు, జారదు, నడుము ఎత్తులో ఉంటుంది, పొడవుగా ఉంటుంది. కుర్చీ వీపు పట్టుకుని చేయమని చాలామంది చెబుతారు. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, పట్టుకున్నవాళ్ళతో పాటే వాలిపోతుంది. వంటగట్టు లేకపోతే గోడకి ఆనించిన బరువైన బల్ల వాడండి. వెనకవైపు, కాళ్ళకు దగ్గరగా, గోడకి ఆనించిన గట్టి కుర్చీ ఒకటి ఉంచండి. ముందు గట్టు, వెనక కుర్చీ, మధ్యలో అమ్మగారు.

మొదటి రోజు ఏమీ చేయించకుండా, ఎక్కడ ఉన్నారో చూసుకోండి. గట్టు పక్కన నిలబెట్టి, మీరు చేయి అందేంత దగ్గర్లో ఉండి, నాలుగు రకాలుగా నిలబడమనండి. మొదట రెండు పాదాలు పక్కపక్కన ఆనించి. తర్వాత ఒక పాదాన్ని కొంచెం ముందుకు జరిపి, దాని లోపలి అంచు రెండో కాలి బొటనవేలికి తగిలేలా. మూడోది, ఒక మడమ రెండో కాలి వేళ్ళకు ఆనేలా, రెండు పాదాలూ ఒకే గీత మీద. నాలుగోది ఒంటికాలి మీద. ఒక్కోటి 10 సెకన్లు, చేత్తో దేన్నీ పట్టుకోకుండా. నిలబడలేకపోతే అక్కడితో ఆపేయండి, తర్వాతిదానికి వెళ్ళకండి. మూడోదాన్ని 10 సెకన్లు నిలపలేకపోతే పడే ప్రమాదం ఎక్కువని లెక్క. అది చెడ్డవార్త అనుకోకండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిందంతే. ఎక్కడైతే ఆగిపోయారో, ఆ భంగిమే అమ్మగారి మొదటి పాఠం.

ఇప్పుడు వేళ్ళ సంగతి చెప్పాలి. నా దృష్టిలో మొత్తం విషయం ఇందులోనే ఉంది. పడి భయపడ్డవాళ్ళు గట్టును ఎలా పట్టుకుంటారో చూడండి. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన గోళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకునేవారు, భుజాలు చెవుల దాకా లేచేవి, ఊపిరి బిగబట్టేవారు. అలా పట్టుకుంటే నిలబెడుతున్నది చేతులు, కాళ్ళు కాదు. కాళ్ళకి పని లేదు, కాబట్టి నేర్చుకునేదీ లేదు. ఆయన్ని పట్టు వదలమని నేను ఒక్కసారి కూడా అనలేదు. మొదటి వారం రెండు అరచేతులూ గట్టు మీద చదునుగా పెట్టమన్నాను, పిడికిలి బిగించకుండా. తర్వాత అరచేతులు లేపి వేళ్ళు మాత్రమే, హార్మోనియం మెట్ల మీద పెట్టినట్టు. ఆ తర్వాత ఒక చేతి వేళ్ళే. ఆపైన రెండు వేళ్ళు. ఒక వేలు. చివరికి గట్టుకు అంగుళం పైన గాలిలో అరచేయి, అవసరమైతే టక్కున ఆనించేలా. ఆ అంగుళం దాకా రావడానికి ఆయనకి ఏడు వారాలు పట్టింది. ఒంటి వేలి దగ్గర చీలమండ పక్కన నరాలు సన్నగా లాగడం, పాదం లోపలికీ బయటికీ కదలడం ఆయనకే కనిపించింది. 'వణుకుతోంది' అని కంగారుపడ్డారు. అది వణుకు కాదు, పాదం పని చేస్తోంది, మనం వచ్చింది దానికోసమే అని చెప్పాను.

కాబట్టి అమ్మగారి ప్రగతిని సెకన్లలో కొలవకండి, వేళ్ళలో కొలవండి. 10 సెకన్లు నాలుగు వేళ్ళ మీద హాయిగా నిలబడితే రేపు మూడు వేళ్ళు. నిద్ర సరిపోని రోజు మళ్ళీ నాలుగు. వెనక్కి వెళ్ళడం తప్పేమీ కాదు. ఊపిరి మాత్రం బిగబట్టనివ్వకండి. పైకి అంకెలు లెక్కపెట్టించండి, లెక్కపెడుతూ ఊపిరి బిగబట్టడం కుదరదు.

దీనికి జతగా కాళ్ళకి బలం రావాలి. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు. గోడకి ఆనించిన చేతుల కుర్చీ తీసుకోండి. సగం ముందుకు జరిగి కూర్చోవాలి, పాదాలు మోకాళ్ళకంటే కొంచెం వెనక్కి లాగాలి, ముక్కు కాలివేళ్ళ మీదకి వచ్చేలా ముందుకు వంగి లేవాలి. వెనక్కి వాలి లేవబోతేనే మళ్ళీ కుర్చీలో కూలబడతారు, చాలామందికి కష్టం అక్కడే. లేచాక ఒక క్షణం నిలబడాలి. అసలు వ్యాయామం కూర్చోవడంలో ఉంది. ధబ్బున పడకుండా, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. మొదట చేతులతో నొక్కి లేవచ్చు, తర్వాత ఒక చేయి, ఆపైన చేతులు గుండెకి అడ్డంగా పెట్టుకుని. మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి, బలం వచ్చాక తీసేయవచ్చు. ఐదుసార్లతో మొదలుపెట్టి పదికి వెళ్ళి, కాస్త ఆగి మళ్ళీ ఒక వరస. కొలత కావాలంటే, చేతులు అడ్డంగా పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూడండి. ఆ వయసు ఆడవాళ్ళకు 10 కంటే తక్కువైతే కాళ్ళు బలహీనంగా ఉన్నట్టు. నెలకొకసారి చూసుకుంటే చాలు, రోజూ పరీక్ష పెడితే మనిషి విసిగిపోతుంది.

గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, మడమల మీద నిలబడి వేళ్ళు పైకెత్తడం, ఒక్కోటి పదేసిసార్లు. రెండోది చిన్నదని వదిలేయకండి. నడుస్తున్నప్పుడు వేళ్ళు పైకి లేవకపోతేనే కాలు గడపకి తగులుతుంది. కాలు పక్కకి చాపి దించడం తుంటి పక్క కండకి. గట్టు వెంబడి పక్కకి అడుగులేస్తూ ఈ కొస నుంచి ఆ కొసకి, మళ్ళీ ఇటు.

రెండు మూడు వారాలయ్యాక కదులుతూ చేసేవి మొదలుపెట్టండి. గట్టు పక్కనే, చేతివేళ్ళు ఆనించి, ముందు పాదం మడమ వెనక పాదం వేళ్ళకు ఆనేలా, గీత మీద నడిచినట్టు. కళ్ళు పాదాల మీద కాదు, ఎదురుగా గోడ మీద. తర్వాత వెనక్కి నడవడం. ఇది వినగానే అందరూ జంకుతారు. కానీ రోజులో మనం వెనక్కి ఎన్ని అడుగులు వేస్తామో గమనించండి, తలుపు మనవైపుకి లాగినప్పుడు, కుర్చీలో కూర్చోబోయేటప్పుడు, అలమర తెరిచినప్పుడు. ఆ అడుగు రానివాళ్ళే వెనక్కి పడతారు. తిరగడం కూడా నేర్పండి. చాలామంది పాదాల్ని అలాగే ఉంచి నడుము తిప్పేస్తారు, కాలు కాలుకి చుట్టుకుంటుంది. చిన్న చిన్న అడుగులతో, గడియారం ముల్లు నడిచినట్టు, నాలుగైదు అడుగుల్లో తిరగమనండి.

ఆ తర్వాత చటుక్కున వేసే అడుగు. గట్టుకు ఎదురుగా నిలబడి, మీరు 'కుడి' అనగానే కుడికాలు పక్కకి పెద్ద అడుగు, 'వెనక' అనగానే వెనక్కి. వరస మార్చి చెప్పండి, ముందే తెలియకూడదు. మనవలుంటే ఈ పని వాళ్ళకి అప్పగించండి, అమ్మగారు మీ మాట కంటే వాళ్ళ మాట మీద ఎక్కువ చేస్తారు. దీనికి మాత్రం పక్కన మీరు నిలబడి తీరాలి.

ఇంకొక్కటి, నడుస్తూ మాట్లాడటం. నడుస్తున్న పెద్దవాళ్ళను మనం ఏదైనా అడిగితే, కొంతమంది జవాబు చెప్పడానికి ఆగిపోతారు. ఇది పడబోయేవాళ్ళను ముందే పట్టించే గుర్తు అని 1997లోనే స్వీడన్ పరిశోధకులు గమనించారు. నడక మీదే ధ్యాసంతా పోతోంది, మాటకి మిగల్లేదు. మీ అమ్మగారు అలా ఆగిపోతుంటే, ముందు మామూలు నడక స్థిరపడనివ్వండి. తర్వాత గట్టు పక్కన నడిపిస్తూ వారాల పేర్లు వెనక్కి చెప్పించండి. ఈలోగా మెట్లు దిగుతున్నప్పుడు, స్నానాల గదిలోంచి వస్తున్నప్పుడు మాత్రం పిలవకండి. ఫోన్ మోగితే మోగనివ్వమనండి.

కళ్ళు మూసుకుని చేసేవి, మెత్తటి దిండు మీద నిలబడేవి వీడియోల్లో చాలా కనిపిస్తాయి. మొదటి రెండు నెలలు వాటి జోలికి వెళ్ళకండి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకి కళ్ళే ఆధారం, అవి కూడా మూయిస్తే నిలువునా పడిపోతారు. చేయించాలనుకున్నప్పుడు గది మూలలో, వెనక రెండు గోడలు, ముందు బరువైన కుర్చీ ఉండేలా నిలబెట్టి చేయించండి. ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పి ఉంటే, నడుము బాగా వంచేవి, మెలితిప్పేవి ఏవీ వద్దు.

ఎంతసేపు, ఎన్నాళ్ళు? దీని మీద మంచి పని చాలా జరిగింది. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 1990లలో ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఒకటి తయారుచేశారు. 80 దాటిన ఆడవాళ్ళ మీద చేసిన వాళ్ళ మొదటి పరిశోధన 1997లో వచ్చింది. కాళ్ళ బలానికి, బ్యాలెన్స్‌కి కలిపి వారానికి మూడుసార్లు అరగంట, వారానికి రెండుసార్లు నడక. వాళ్ళ పరిశోధనలన్నీ కలిపి చూస్తే పడటం సుమారు 35 శాతం తగ్గింది. వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2019లో తెచ్చిన సమీక్ష వందకు పైగా పరిశోధనల్ని, 23,000 మందికి పైగా పెద్దవాళ్ళను కలిపి చూసి, వ్యాయామంతో పడటం దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని తేల్చింది. అందులో గట్టి ఆధారాలున్నది బ్యాలెన్స్‌తో పాటు లేవడం, ఎక్కడం, తిరగడం లాంటి రోజువారీ కదలికల సాధన. తాయ్ చీ, అంటే నెమ్మది కదలికలతో చేసే చైనా వ్యాయామం, కూడా పనిచేస్తుంది, దగ్గర్లో నేర్పేవాళ్ళుంటే నిస్సంకోచంగా పంపండి.

అరగంట వరసగా కూర్చుని చేయించడం కుదరకపోతే దిగులుపడొద్దు. ఆస్ట్రేలియాలో 70 దాటినవాళ్ళకి వ్యాయామాన్ని ఇంటి పనుల్లోనే కలిపేసి చూశారు. 2012లో వచ్చిన ఆ పరిశోధనలో పడటం 31 శాతం తగ్గింది. పళ్ళు తోముకునేటప్పుడు పాదాలు ఒకదాని వెనక ఒకటి పెట్టి నిలబడటం, కింది అర తెరవాలంటే నడుము కాకుండా మోకాళ్ళు వంచడం, కుర్చీలో కూర్చునే ప్రతిసారీ ఒకసారి లేచి మళ్ళీ నెమ్మదిగా కూర్చోవడం, ఇలాంటివి. నా అనుభవంలో ఎక్కువ కాలం నిలిచేది కూడా ఇదే. 'వ్యాయామం చెయ్యమ్మా' అంటే రేపు చేస్తానంటారు, పళ్ళు తోమడం మాత్రం ఎవరూ రేపటికి వాయిదా వేయరు. మార్పు కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మానేస్తే వచ్చినది పోతుంది, కాబట్టి దీనికి ముగింపు తేదీ లేదు.

తొడలు, పిక్కలు ఒకటి రెండు రోజులు పట్టేసినట్టుండటం మామూలే. ఛాతీలో నొప్పి, ఎక్కువ ఆయాసం, కళ్ళు తిరగడం, కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే ఆపేసి డాక్టరుకి చెప్పండి. జ్వరం వచ్చి తగ్గాక, ఆసుపత్రిలో నాలుగు రోజులుండి వచ్చాక మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టండి. మంచం మీద గడిపిన కొద్ది రోజులకే ఆ వయసులో కాళ్ళ బలం ఎంత కరిగిపోతుందో ఇంట్లోవాళ్ళు ఊహించరు.

మీరెక్కడ నిలబడాలి? చాలామంది చేయి పట్టుకుని ముందుకు లాగుతూ నడిపిస్తారు. దానివల్ల పెద్దవాళ్ళ బరువు ముందుకు పోతుంది, మీ చేయి వదిలితే పడతారు. పక్కన, అరడుగు వెనకగా, బలహీనమైన కాలు వైపున నిలబడండి. ఒక చేయి నడుము వెనక తాకీ తాకనట్టు, రెండో చేయి భుజం ముందు. పట్టుకోకండి, పట్టుకోవడానికి సిద్ధంగా ఉండండి. చిన్నగా తూలిన ప్రతిసారీ 'అయ్యో జాగ్రత్త' అని అరవకండి. ఆ అరుపుకే సగంమంది పడతారు. తూలి సర్దుకున్నప్పుడు 'చూశావా, నీ అంతట నువ్వే నిలదొక్కుకున్నావు' అనండి. పడతానన్న భయం ఉన్నవాళ్ళు తక్కువ కదులుతారు, కదలక కాళ్ళు బలహీనపడతాయి, దాంతో నిజంగానే పడతారు. ఆ భయాన్ని మాటలతో పోగొట్టలేం. నేను పడకుండా నిలబడగలను అని కాళ్ళకి తెలిసినప్పుడే పోతుంది.

ఇది చాలామంది చెప్పరు, నేను మాత్రం ప్రతి ఇంట్లో చెబుతాను. నేల మీద నుంచి లేవడం నేర్పండి. దెబ్బ తగలకపోయినా లేవలేక గంటల తరబడి నేల మీదే ఉండిపోవడం వల్ల వచ్చే హాని చాలా పెద్దది. ఒళ్ళు చల్లబడుతుంది, ఒత్తిడి పడ్డచోట పుండ్లు పడతాయి, కండరాలు దెబ్బతింటాయి. పడితే ముందు కదలకుండా ఊపిరి తీసుకుని ఎక్కడైనా తీవ్రమైన నొప్పి ఉందా చూసుకోవాలి. లేదనిపిస్తే ఒక పక్కకి ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి పాకే భంగిమలోకి రావాలి. అలాగే పాకుతూ దగ్గర్లోని కుర్చీ దాకా వెళ్ళి, రెండు చేతులూ దాని మీద పెట్టి, బలమైన కాలి పాదాన్ని ముందు నేలకి ఆనించి, చేతులతో నొక్కి లేచి, తిరిగి కూర్చోవాలి. కాసేపు అలాగే కూర్చోవాలి, వెంటనే నడవకూడదు. మంచం పక్కన చాప వేసి, మీరుండగా, మోకాళ్ళు సహకరిస్తేనే, వారానికొకసారి చేయించండి. లేవలేనని తేలితే అదీ తెలియడం మంచిదే. అప్పుడు మెడలో వేలాడే చిన్న ఫోనో, నొక్కితే మోగే గంటో ఏర్పాటు చేయండి.

ఇంటి విషయం మీకు చాలామంది చెప్పే ఉంటారు, గబగబా చెప్పేస్తాను. స్నానాల గదిలో గోడకి గట్టిగా బిగించిన రాడ్డు ఉండాలి, తువ్వాలు కడ్డీ ఆ పనికి రాదు. మంచం నుంచి అక్కడిదాకా రాత్రంతా చిన్న దీపం వెలగాలి. దారిలో మడతపడే చాపలు, వైర్లు తీసేయండి. కాలికి మడమ పట్టి ఉంచే, అడుగు పలచగా గట్టిగా ఉండే చెప్పులు వేయండి, ఉత్త మేజోళ్ళతో నున్నటి గచ్చు మీద నడవనివ్వకండి. దూరానికి, దగ్గరికి కలిపి ఒకే అద్దం ఉన్న కళ్ళజోడుతో మెట్లు దిగితే కింది భాగంలోంచి మెట్టు మసకగా కనిపిస్తుంది. మెట్లకి దూరపు చూపు అద్దాలు విడిగా చేయించవచ్చేమో కళ్ళ డాక్టరుని అడగండి. చేతికర్ర ఇవ్వాల్సివస్తే బలహీనమైన కాలికి ఎదురు చేతిలో ఉండాలి, చేయి కిందికి వేలాడదీస్తే మణికట్టు గీత దగ్గరికి దాని పిడి రావాలి. ఇంట్లో మూలన పడి ఉన్న పాత కర్ర అలాగే చేతికివ్వకండి.

రేపు పొద్దున డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆ రోజు వచ్చేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. లేవగానే కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం లాంటివేవీ లేకపోతే, మీరు పక్కన ఉండగా రెండు పనులు మొదలుపెట్టవచ్చు. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం, గట్టు మీద రెండు అరచేతులు ఆనించి పాదాలు దగ్గరగా పెట్టి 10 సెకన్లు నిలబడటం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వంటింట్లో క్యాలెండరు మీద ఆ రోజు గడిలో 'అరచేతులు' అని రాయండి. మూడో వారానికి అక్కడ 'నాలుగు వేళ్ళు' అని ఉందో లేదో నాకు చెప్పండి, అప్పుడు తర్వాతి మెట్టు చూద్దాం.